యాపలదిన్ని: సరిహద్దు తెలుగువారి సాంస్కృతిక పౌరసత్వం

తన భాషను, ఆచారాలను వదులుకోకుండానే సమాన పౌరుడిగా నిలిచే హక్కును సాంస్కృతిక పౌరసత్వం అంటారు. అమెరికాలోని లాటినో సమాజాలను పరిశీలిస్తూ మానవశాస్త్రవేత్త రెనాటో రొసాల్డో ఈ భావనను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ హక్కు మన దగ్గర ఎంతవరకు నిలబడుతుందో రాయచూరు తాలూకాలోని యాపలదిన్ని వంటి సరిహద్దు ఊళ్లలో చూడాలి. 1956 నవంబరు 1 దాకా ఈ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు అమల్లోకి వచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో రాయచూరు జిల్లాలోని ఆలంపూర్, గద్వాల తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో, మిగతా జిల్లా మైసూరు (నేటి కర్ణాటక) రాష్ట్రంలో కలిశాయి. గీత తాలూకాల వెంట పడింది గాని, తెలుగు, కన్నడ మాటలు రెండు వైపులా కలగలిసే ఉండిపోయాయి.

ఇలాంటి చోట్ల సంస్కృతిని జనానికే వదిలేయాలని, ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదని కొందరి వాదన. కళాకారుడు ఏం పాడాలో సర్కారు చెప్పకూడదన్నంత వరకు అది నిజమే. కానీ బడిలో ఏ భాష చెప్పాలో, పహాణీ ఏ లిపిలో ఇవ్వాలో నిర్ణయించేది ప్రభుత్వమే కదా! అది ఎప్పుడూ తటస్థంగా లేదు. ఇంట్లో మాట ఇంట్లోవాళ్ల వల్ల బతుకుతుంది. చదువు, రాత మాత్రం బడి లేకుండా రావు. అందుకే 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాలపై పెట్టింది. అంతకు ముందే 1949లో విద్యామంత్రుల సమావేశం బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలుంటే ఆ భాషకు ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని తీర్మానించింది. ఈ ప్రాంతం వెనుకబాటును తగ్గించడానికి 2013లో అమల్లోకి వచ్చిన 371జె అధికరణం చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు దారి చూపింది. అవి ఎంతో అవసరం, కానీ భాష లోటును పూడ్చవు.

కన్నడం రాకపోతే ఉద్యోగం రాదన్న అభ్యంతరం మరింత బలమైనది. రాయచూరు పిల్లలకు కన్నడం తప్పనిసరిగా రావాలి. తెలుగు దానికి బదులుగా కాదు, దానితోపాటు కావాలి. తెలుగు చదువు తెలుగు రాష్ట్రాల పనే అనడం మాత్రం సరికాదు. పాఠ్యపుస్తకాలు అటు నుంచి రావచ్చు గాని, పౌరుడు కర్ణాటకవాడు, పన్ను కట్టేది కర్ణాటకకు. తుళు, కొంకణి, కొడవ, బ్యారీ భాషలకు అకాడమీలు పెట్టిన రాష్ట్రానికి ఈ దారి కొత్తది కాదు. అటు నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలో కన్నడ పిల్లలకు కన్నడ మాధ్యమ బడులు నడపాల్సిన బాధ్యత తెలంగాణపైనా ఇంతే బరువుతో ఉంది.