సంతకం పడని రాత్రి

కనకమామిడి నుంచి నగరానికి పోయే దారి హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్‌ల నడుమ సాగుతుంది. 1908 మూసీ వరదలో వేలమందిని పోగొట్టుకున్న హైదరాబాద్ మళ్లీ అలా ఏడవకూడదని నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో కట్టిన జలాశయాలివి. ఒకదానికి ఆయన పేరు, ఇంకోదానికి పెద్దకొడుకు పేరు. నీటికి కట్ట వేయించిన ఆ ప్రభువే తుపాకులకు తలుపు తెరిచాడు. ఆ రాజ్యం చివరికి ఏమైందో మనకు తెలుసు. తెలిసీ, తలుచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

1947 అక్టోబర్‌లో భారతదేశంతో ఒప్పందానికి ముసాయిదా సిద్ధమైంది. నిజాం సరేనన్నాడు. సంతకం మాత్రం రేపటికి వాయిదా వేశాడు. 27న తెల్లవారకముందే, ఢిల్లీ బయల్దేరాల్సిన రాయబారుల ఇళ్లను రజాకార్ల సాయుధ దళం నాయకుడు ఖాసిం రజ్వీ మనుషులు చుట్టుముట్టారు. ఆ రాత్రే కలం కదిలి ఉంటే! నవంబర్ 29న కుదిరిన యథాతథ ఒప్పందం ఏడాది గడువిచ్చింది. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఇంకో దారి చూపాడు. అదీ వద్దన్నారు.

వద్దనే ధైర్యం కొంత ఆకాశం నుంచి దిగింది. సిడ్నీ కాటన్ ఆస్ట్రేలియా వైమానికుడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ గూఢచార విభాగం కోసం జర్మనీ మీద ఎగురుతూ రహస్యంగా ఫొటోలు తీసినవాడు. ఇప్పుడు, బాంబర్‌ను మార్చి చేసిన లాంకాస్ట్రియన్ విమానాల్లో, కరాచీ నుంచి చీకటిమాటున బీదర్, వరంగల్‌లకు ఆయుధాలు చేరవేశాడు. ఢిల్లీకి తెలియక కాదు. రాత్రివేళ వాటిని అడ్డుకోవడం చేతకాలేదు. పెట్టెలు దిగినకొద్దీ ధీమా పెరిగింది, రాజీకి చోటు తగ్గింది.

ఆ మొండితనం వద్దని చెప్పినవాళ్లూ ఉన్నారు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ భారత్‌లో కలవమని రాశాడు. ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకుని ఇంటికి వస్తుంటే కాల్చారు. రాసిన చేతిని నరికారు. ఆయన మాట వినడానికి ఇంకా మూడు వారాలు మిగిలే ఉన్నాయి. ఎవరూ వినలేదు. అదే నెల 27న భైరాన్‌పల్లి గ్రామం రజాకార్ల చేతుల్లో నెత్తురోడింది.

సెప్టెంబర్ 13న భారత సేనలు కదిలాయి. అన్ని రాత్రులు, అన్ని విమానాలు మోసుకొచ్చిన బలం అయిదు రోజులు నిలవలేదు. నిజాం తరవాత రాజప్రముఖ్ అయ్యాడు. ప్రధాని లాయక్ అలీ పాకిస్తాన్ చేరాడు. కాటన్‌కు 200 పౌండ్ల జరిమానా పడింది. ఏ ముసాయిదా ఎరగని రైతులూ కూలీలూ మాత్రం పోయారు: ముందు రజాకార్ల దాడుల్లో హిందువులు, తరవాత ప్రతీకారంలో ముస్లింలు. ఆ ప్రతీకారంలోనే 27 వేల నుంచి 40 వేలమంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేస్తే, ఆ నివేదికను దశాబ్దాలపాటు తొక్కిపెట్టారు.

రాజ్యం పోయిందని కాదు నా బాధ, అది పోవాల్సిందే. సిరాతో పోవాల్సింది నెత్తుటితో పోయింది. ఆ చనిపోయినవాళ్లందరినీ, ఏ ఇంటివాళ్లని అడక్కుండా, మనవాళ్లుగా తలుచుకుని ఏడవడం ఇప్పటికీ మనకు బాకీయే.