టికెట్ పైసలు, బోర్డు మెంబర్ల సఫర్ ఖర్చులు



మా అబ్బా అంబాజీపేటలో కొబ్బరి మండీ గుమాస్తా. మండీ పని మీద కాకినాడ వెళ్లొస్తే, కమీజు జేబులోంచి బస్సు టికెట్లు తీసి చిట్టాకు గుచ్చేవారు. టికెట్ షావుకారు లెక్కలో, దారిలో తాగిన చాయ్ సొంత లెక్కలో. "పరాయి పైసా అమానత్ బేటా" అనేవారు. అప్పట్లో నాకది చాదస్తంగా తోచేది. మన రైళ్ల, బస్సుల చరిత్ర చదివాక ఆ చిట్టా విలువ తెలిసింది.

హైదరాబాద్ రియాసత్‌లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలొచ్చింది. 1883లో ఆ లైను నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ చేతికి పోయింది. పట్టాలు దక్కన్‌లో, బోర్డు మజ్లిస్ లండన్‌లో! పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున 20 ఏళ్లపాటు వడ్డీ ఇస్తామని నిజాం ఖజానా జామీను పడింది. లండన్ ఆఫీసు ఖర్చయినా, డైరెక్టర్ల ఖర్చయినా కంపెనీ లెక్కలోదే. రాబడి చాలకపోతే లోటు పూడ్చేది మాత్రం ఇక్కడి ఖజానా. అంటే రైతు కట్టిన శిస్తు.

ఆ ఏడాదే హైదరాబాద్ అవామ్‌లో సవాల్ లేచింది. చాందా రైల్వే పథకం షరతులేమిటో మాకూ చెప్పండి అని అడిగారు. అడిగినవాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ ఉన్నారు, సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఉన్నారు. హిందూ ముస్లిం కలిసి హిసాబ్ అడిగిన సందర్భం అది. జవాబ్ ఏమొచ్చింది? 1883 మే నెలలో అఘోరనాథ్‌ను రియాసత్ దాటించారు.

మరి రియాసత్ తరఫున లండన్ వెళ్లి రైల్వే బేరం మాట్లాడిన అధికారి అబ్దుల్ హక్ సంగతి? 1888లో దక్కన్ మైనింగ్ కంపెనీ షేర్ల వ్యవహారంలో ఆయన కొలువు పోయింది. బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. మనవాడైనంత మాత్రాన అమానత్ నిలబడదని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

1930లో రైల్వేను నిజాం హుకూమత్ కొనేసింది. 1932 జూన్‌లో అదే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీకి మూలం అదే.

ఇదంతా కోనసీమవాళ్లకెందుకు అంటారేమో. గౌతమి అవతలి ఒడ్డున కోటిపల్లి దాకా 1928లో రైలొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పట్టాలు పీకేశారు. 2004లోగానీ మళ్లీ రైలు నడవలేదు. గోదావరి దాటి అమలాపురానికి ఇంకా రాలేదు. రావులపాలెం, కొత్తపేట, అమలాపురం, రాజోలు మనుషులకు బస్సే రైలు. పెళ్లికైనా, జనాజాకైనా, ఆస్పత్రికైనా అదే దిక్కు. అందుకే ఆ బస్సు గురించి ఫైసలా చేసేవాళ్ల సఫర్ మన సంగతే అవుతుంది.

ఇన్సాఫ్‌గా మాట్లాడుకుందాం. బోర్డు మెంబర్ తిరగాలి. రాజోలు డిపో ముఖం చూడకుండా విజయవాడలో కూర్చుని రూట్లు తేల్చేస్తే ఆ బోర్డుకూ నాటి లండన్ బోర్డుకూ ఫరక్ ఏముంది? తిరిగితే ఖర్చవుతుంది, అది జాయజే. పని పేరుతో సైరు చేస్తేనే, లెక్క దాచేస్తేనే తప్పు. 1950 నాటి రోడ్డు రవాణా కార్పొరేషన్ల చట్టం రాసినవాళ్లకు ఈ భయం ఉన్నట్టుంది. బోర్డు సభ్యుల భత్యాలు వాళ్ల మర్జీకి వదల్లేదు, రాష్ట్ర ప్రభుత్వం చేసే నియమాలకు కట్టారు. లెక్కలకు ఆడిట్ తప్పనిసరి చేశారు.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఏ మెంబర్ ఎక్కడికి వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఎంతయింది అని ఒక దరఖాస్తు రాసి అడగొచ్చు. దానికి ఫీజు 10 రూపాయలు. అఘోరనాథ్‌కు దేశబహిష్కారం తెచ్చిన సవాల్ ఇప్పుడు మన హక్.

అబ్బా చిట్టా ఇంకా నా దగ్గరుంది. టికెట్ల మీద అంకెలు వెలిసిపోయాయి. పక్కన ఆయన రాసుకున్న "చాయ్, నా సొంతం" అనే మాట మాత్రం చక్కగా చదవొస్తోంది.