పొలిమేర రాళ్ళు

పల్లెటూళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి పొలిమేర రాయి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఊరి చివర చింతచెట్టు కిందో, కాలవగట్టు మీదో పసుపూ కుంకుమా పూయించుకుని కూచునుంటుంది. దానికి ఇవతల మన ఊరు, అవతల పొరుగూరు. దాన్ని ఎవరు పాతారో, ఎప్పుడు పాతారో ఎవరికీ తెలీదు. సరిహద్దు తగాదా వస్తే మాత్రం అందరూ దాని దగ్గరికే పరిగెడతారు. మనిషి మాట నమ్మరు గాని రాయి మాట నమ్ముతారన్నమాట.

ఖండాలకి కూడా ఇలాంటి పొలిమేర రాళ్ళున్నాయంటే మీరు నమ్ముతారా? ఒకప్పుడు ఇక్కడ నేల ఆగిపోయి సముద్రం మొదలైంది, ఇక్కడ రెండు నేలలు గుద్దుకున్నాయి, ఇదిగో ఇక్కడ ఒకే నేల చీలిపోయింది అని సాక్ష్యం చెప్పే రాళ్ళు. వాటిలో ముఖ్యమైనది మనందరికీ వంటింట్లోనే పరిచయం. గ్రానైటు!

గ్రానైటు అంటే ఇప్పుడు గ్యాసు పొయ్యి కింద నున్నటి బండ. మా అమ్మ కాలంలో రుబ్బురోలు. ఏడాదికోసారి వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాడు రోళ్ళకు కక్కు కొట్టేవాడు. ఉలి దెబ్బకి నిప్పురవ్వలు ఎగిరేవి. అంత గట్టి రాయి ఒకప్పుడు పాకంలా కాగుతూ ఉండేదంటే వింటానికే వింతగా ఉంటుంది గదూ?

వింతేమిటి, పద్ధెనిమిదో శతాబ్దంలో మహామహా పండితులే ఆ మాట ఒప్పుకోలేదు. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు పేరుకున్నట్టు గ్రానైటు కూడా పేరుకుందని జర్మనీలో వెర్నర్ అనే ఆచార్యుడు చెబితే, యూరపులో చాలామంది తలలూపారు. స్కాట్లండులో జేమ్స్ హటన్ అనే ఆయన మాత్రం ఊపలేదు. 1785లో, దాదాపు అరవయ్యో ఏట, గ్లెన్ టిల్ట్ అనే కొండలోయకి వెళ్ళి ఏటి ఒడ్డున వెతికాడు. దొరికింది! నల్లటి పాత రాతిలోకి ఎర్రటి గ్రానైటు తీగలు తీగలుగా చొచ్చుకుపోయి ఉంది. గట్టి రాయి గట్టి రాతిలోకి దూరలేదు గదా. అంటే దూరిననాడు అది ద్రవంగా ఉండి తీరాలి. ఇంకో సంగతి కూడా తేలింది, దూరింది కొత్తది, దారి ఇచ్చింది పాతది. హటన్ గారి సంబరం చూసి, దారి చూపడానికి వెంట వచ్చిన మనుషులు ఆయనకి వెండిగనో బంగారపు గనో దొరికిందనుకున్నారట!

మరి రాతిని కరిగించినదెవరు? ఇక్కడే పొలిమేర ప్రసక్తి వస్తుంది. భూమి పైపెంకు ఒక్క ముక్క కాదు, పగిలిన పలకలు. అవి మన గోళ్ళు పెరిగేంత నెమ్మదిగా కదులుతూ ఉంటాయి. సముద్రపు అడుగు పలక, ఖండం పలక ఎదురుపడ్డచోట బరువైన సముద్రపు పలక వంగి ఖండం కిందికి దిగిపోతుంది. ఊరికే దిగదు, తనలో ఇంకిన నీటిని కూడా లోపలికి తీసుకుపోతుంది. లోతుకి వెళ్ళాక ఆ నీరు ఆవిరై పైకి తన్ని, పైనున్న వేడిరాతిలో కలుస్తుంది. వట్టి బెల్లం ముక్క మూకుట్లో వేస్తే మాడుతుంది, ఒక్క గరిటెడు నీళ్ళు పోస్తే సన్నని సెగకే పాకమవుతుంది. రాతి సంగతీ ఇంచుమించు అంతే. నీరు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ పాకం మెల్లమెల్లగా పైకి వచ్చి, నేల పైకి రాకుండానే ఎక్కడో కొన్ని కిలోమీటర్ల లోతున ఆగి, లక్షల ఏళ్ళు చల్లారితే గ్రానైటు. తీరిగ్గా చల్లారింది గనకనే పలుకులు పెద్దవిగా కనబడతాయి.

ఈ రోజుకీ దక్షిణ అమెరికా పడమటి అంచున ఆండీస్ పర్వతాల కింద ఈ వంట సాగుతూనే ఉంది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన మనవాళ్ళు కాలిఫోర్నియాలో యోసెమిటీ కొండల ముందు నిలబడి ఫోటోలు తీయించుకు వస్తుంటారు. ఆ తెల్లటి గోడల్లాంటి కొండలు దాదాపు పది కోట్ల ఏళ్ళనాడు అలాగే ఒక ఖండపు అంచు కింద ఉడికిన గ్రానైటే. పైనున్న అగ్నిపర్వతాలు అరిగిపోయి, అడుగున మిగిలిన గిన్నె బయటపడిందన్నమాట.

అయితే గ్రానైట్లన్నీ ఒక్కలాంటివి కావు. 1974లో ఆస్ట్రేలియాలో చాపెల్, వైట్ అని ఇద్దరు వీటిని ఇంటిపేర్లు చూసి విడదీశారు. నిప్పులోంచి పుట్టిన రాళ్ళు మళ్ళీ కరిగి వచ్చినవి ఒక రకం. పాత బురదా మట్టీ లోతున పాతుకుపోయి కరిగి వచ్చినవి రెండో రకం. సముద్రం ఖండం కిందికి దిగుతున్నచోట ఎక్కువగా మొదటిది కనబడుతుంది. రెండు ఖండాలు ఢీకొని మట్టిపొరలు నలిగినచోట రెండోది. గంగోత్రి దాటి గోముఖం దాకా నడిచినవాళ్ళు తలెత్తి చూసే శివలింగ శిఖరం ఈ రెండో రకమే. మన దేశం ఆసియాని గుద్దుకున్నాక, సుమారు రెండు కోట్ల ముప్ఫై లక్షల ఏళ్ళ క్రితం కరిగి గడ్డకట్టిన తెల్ల గ్రానైటు.

ఇంత కచ్చితంగా వయసెలా చెబుతారంటారా? గ్రానైటులో జిర్కాన్ అనే పలుకులుంటాయి, బొంబాయి రవ్వకంటే సన్నం. (దుద్దుల్లో పొదిగే నకిలీ వజ్రం అది కాదు సుమండీ, పేరు దగ్గర చుట్టరికమే.) ఈ పలుకు పుట్టేటప్పుడు యురేనియాన్ని ఇంట్లోకి రానిస్తుంది, సీసాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. తర్వాత లోపలి యురేనియం నెమ్మదిగా సీసంగా మారుతూ ఉంటుంది. సగం మారడానికి 447 కోట్ల ఏళ్ళు. కనక ఆ పలుకులో కనిపించే సీసమంతా పుట్టాక చేరిందే. లెక్క కడితే పుట్టినరోజు వచ్చేస్తుంది. ఆడవాళ్ళ వయసు అడగకూడదంటారు గాని, రాళ్ళకా మర్యాద లేదు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. హైదరాబాదు చుట్టూ ఎవరో పేర్చినట్టుండే గుండ్లు, గోలకొండ నిలబడ్డ కొండ, ఇవన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్లు. అలాంటిదే బెంగుళూరు పక్కన రామనగరం. "షోలే" సినిమాలో (1975) గబ్బర్‌సింగ్ కూచున్న బండలు జ్ఞాపకమున్నాయా? అవే. మైసూరులో రెసిడెంటుగా పనిచేసిన బారీ క్లోజ్ అనే దొర పేరు మీద ఆ ఊరిని క్లోజ్‌పేట అనేవారు. ఊరి పేరు మారింది గాని, రాతిని నేటికీ క్లోజ్‌పేట గ్రానైటనే అంటారు. 400 కిలోమీటర్ల పొడవున ఒక పట్టీలా సాగుతుంది. ఉత్తరపు కొస ఒకప్పటి పై అంతస్తు, దక్షిణానికి వెళ్ళేకొద్దీ లోపలి అంతస్తులు. నేల వాలి అరిగిపోవటం వల్ల మేడంతా పడుకోబెట్టి చూపించినట్టుంటుంది.

దానికి తూర్పున కోలారు. బంగారు గనుల కోలారే. 3 కిలోమీటర్లకు పైగా లోతుకి తవ్వి, 2001లో మూసేశారు. తెలుగు కుటుంబాలు, తమిళ కుటుంబాలు తరతరాలు అక్కడే బతికాయి. ఆ బంగారపు రాతిపట్టీకి అటూ ఇటూ ఉన్న గ్రానైటు జాతి రాళ్ళను రాజమణి, బాలకృష్ణన్ మొదలైన మనవాళ్ళు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి పరీక్షించారు. 1989లో ఫలితాలు బయటపెట్టారు. పడమటి రాళ్ళలో అంతకు ముందున్న ఎంతో పాత నేల ఛాయలు కనిపించాయి. తూర్పు రాళ్ళలో ఆ ఛాయే లేదు. అంటే పుట్టిళ్ళు వేరు, 250 కోట్ల ఏళ్ళ క్రితం వచ్చి ఒకచోట కలిశాయి. మధ్యనున్న పట్టీ కుట్టుపని లాంటిదన్నమాట. అంత పాతకాలంలో పలకలు ఇప్పటిలాగే కదిలేవా, లేక లోపలినుంచి వేడి పొంగి ఈ గ్రానైట్లు పుట్టాయా అని శాస్త్రజ్ఞుల్లో ఇంకా వాదం నడుస్తూనే ఉంది. నాకు మాత్రం కోలారు కుట్టు చూశాక మొదటి పక్షమే బాగుందనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మన కోస్తా కథ. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లోనే గాని, దాని రాళ్ళకున్న చరిత్ర అంతా ఇంతా కాదు. ఏల్చూరు, ఉప్పలపాడు, పురిమెట్ల, శెట్టుపల్లె అనే ఊళ్ళ దగ్గర ఒక రకం రాయి ఉంది. చూడటానికి గ్రానైటు చెల్లెల్లా ఉంటుంది గాని అందులో పలుగురాయి ఉండదు. ఇలాంటివి ఖండం నిలువునా చీలడం మొదలైనప్పుడు పుడతాయి, ఇప్పుడు తూర్పు ఆఫ్రికాలో చీలుతున్నట్టుగా. చీలిక పెద్దదైతే సముద్రం లోపలికొస్తుంది. తర్వాత ఎప్పుడో ఆ సముద్రం మూసుకుపోయి ఒడ్డులు గుద్దుకుంటే, మొదట పుట్టిన ఆ రాళ్ళు నలిగి సాగిపోతాయి. ఏల్చూరు రాయి అలాగే నలిగి ఉంది. పుట్టుకేమో సుమారు 132 కోట్ల ఏళ్ళనాటిది. చీలికకి సాక్షి, అతుకుకీ సాక్షి! ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందంగారు ఈ రాళ్ళ వెంట ఏళ్ళ తరబడి తిరిగారు. 2006లో బర్క్, ఆష్వాల్ మొదలైనవాళ్ళతో కలిసి, ఇలాంటి రాళ్ళ వరస పట్టుకుని దక్షిణాదిలోని పాత అతుకుల్ని పటంలో గీసి చూపారు.

అక్కడినుంచి తూర్పు కనుమలకి వస్తే ఇంకో పేరు వినిపిస్తుంది, చార్నొకైటు. ఇదీ గ్రానైటు కుటుంబమే, కాకపోతే చాలా లోతున, చాలా వేడిలో పదునెక్కినది. కలకత్తా చరిత్రలో వినిపించే జాబ్ చార్నాక్ దొరగారి సమాధి మీద ఈ రాతిబండ ఉంది. మద్రాసు పక్కనుంచి తెచ్చింది. దాన్ని చూసి థామస్ హాలెండ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ జాతి రాతికంతా చార్నాక్ పేరే పెట్టేశాడు. సమాధిరాయి మీద పేరు చెక్కటం చూశాం గాని, రాతి జాతికే పేరు మారిపోవటం ఆ దొరకే చెల్లింది.

విశాఖపట్నం చుట్టుపక్కల కొండల్లోనూ చార్నొకైటు ఉంది. ఆ కొండల రాళ్ళ జతగాళ్ళు ఎక్కడున్నారో తెలుసా? అంటార్కిటికాలో! ఆస్ట్రేలియావాళ్ళు 1954లో మంచుఖండం అంచున కట్టుకున్న మాసన్ స్థావరం నిలబడింది చార్నొకైటు మీదే. సుమారు వంద కోట్ల ఏళ్ళ క్రితం ఆ నేలా మన తూర్పు కనుమల నేలా కలిసి ఒకే వేడికి ఉడికాయి. దాదాపు 13 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయాయి. రామకృష్ణా బీచిలో మనం కాళ్ళు తడుపుకునే చోటు అలా చిరిగిన అంచే. భీమిలి ఒడ్డున ఇసుకలో అక్కడక్కడ ఎర్రగా చారలు కనిపిస్తాయి, అవి ఆ కొండలు అరిగి రాలిన గార్నెట్ పలుకులు. ఆ ఇసుకలో జిర్కాన్ కూడా ఉంటుంది.

ఈ మధ్య మా పక్కింటావిడ వంటింట్లో కొత్త బండ వేయించుకుని చూడ్డానికి పిలిచింది. నల్లటి బండలో బంగారు చుక్కలు. "గెలాక్సీ గ్రానైటండీ, చీమకుర్తిది" అంది గర్వంగా. చీమకుర్తి కూడా ఆ ప్రకాశం జిల్లా వరసలోదే. నిజానికది గ్రానైటు కాదు, గాబ్రో అనే వేరే రాయి. చుక్కలు కంచురంగు ఖనిజపు రేకులు. కొట్లో మెరుగుపెట్టిన గట్టి రాయి ఏదైనా గ్రానైటే. ఆవిడ సంబరం పాడుచెయ్యటం ఇష్టంలేక నేను నోరు మెదపలేదు.

బండ అందంగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, కోసి మెరుగుపెట్టిన బండకి చిరునామా ఉండదు. దాని పక్కన ఏ రాయుండేది, ఏది దేనిలోకి చొచ్చుకుపోయింది, ఎటు నలిగింది అన్నది కొండలో ఉన్నప్పుడే తెలుస్తుంది. గ్లెన్ టిల్ట్ ఏటిఒడ్డు రాతిని ఎవరైనా ముందే కోసి మెట్లకి వాడేసుంటే హటన్ ఏం చూసేవాడు? హైదరాబాదులో నేనెరిగిన గుట్టలు ఎన్ని కంకరైపోయాయో! పునాది తవ్వడానికి అడ్డమని మందుగుండు పెడతారు, 250 కోట్ల ఏళ్ళు నిలిచింది మధ్యాహ్నం భోజనాల వేళకి లారీలోకి ఎక్కుతుంది. ఇళ్ళు కట్టుకోవద్దని నేననను, నేనూ ఇంట్లోనే ఉంటున్నాను గదా. కానీ ఏ కొండ ఏం చెబుతోందో చూసి రాసుకున్నాకైనా పేల్చవచ్చు.

మా పిన్ని కూతురు మాత్రం తన స్థలంలో ఉన్న ఏనుగంత గుండుని పేల్చనివ్వలేదు. మేస్త్రీ గొణిగాడు, మా మరిది విసుక్కున్నాడు. ఇల్లు రెండు గజాలు పక్కకి జరిపి కట్టించుకుంది. దక్షిణపు ఎండ బాగా తగులుతుందని ఇప్పుడు దాని మీద గుమ్మడి వడియాలు పెడుతోంది.