ముల్లు ఝూటా, ఇంజన్ బేగునా

అబ్బా పాత కారులో టెంపరేచర్ ముల్లు ఎరుపు మీదే ఆగిపోయింది. ఇంజన్ విప్పాల్సిందేనన్నాడో మిస్త్రీ. ఇంట్లో ఆపా నికాహ్ ఖర్చు ముందుంది. మొహల్లా చాచా మాత్రం ‘సబర్ కరో బేటా’ అంటూ, తాళం తిప్పి ఉంచి సెన్సర్ వైరు ఊడదీశాడు. ముల్లు దిగలేదు. చూస్తే ఆ వైరే తోలు ఊడి బాడీకి తగులుతోంది!

ఈ ముల్లుకు లంబీ తారీఖ్ ఉంది. 1910లలో అమెరికాలో బాయ్స్ మోటోమీటర్ అనే థర్మామీటర్ రేడియేటర్ మూత మీదే కూర్చునేది. వేడెక్కితే కరెంటుకు దారి సులువయ్యే ఖాసియత్‌ను సిల్వర్ సల్ఫైడ్‌లో ఫారడే 1833లోనే రాసిపెట్టాడు. మన సెన్సర్‌దీ అదే ఉసూల్. వైరు తీస్తే ముల్లు చల్లవైపు పడాలి. పడకపోతే కసూర్ వైరుదో, మీటరుదో.

ఖబర్లు రాసే నాకు అదే సబక్: ఫైసలాకు ముందు గవాహ్‌ను పరఖాయించాలి.