ఇటుకలు వాళ్ళవి, బుర్రలు అభిమానులవి

1998లో లెగో కంపెనీ మైండ్‌స్టార్మ్స్ అనే రోబో కిట్ వదిలింది. కొన్ని వారాల్లోనే అభిమానులు దాని లోపలి కోడ్ విప్పి చూసేశారు. ఇంకో కంపెనీ అయితే లాయర్ నోటీసు పంపేది! లెగో వాళ్ళు కాస్త తర్జనభర్జన పడి, చివరికి లైసెన్సులోనే ఆ హక్కు రాసిచ్చారు. బీటెక్‌లో ఇది చదివినప్పుడు నేను నమ్మలేదు.

ఆ తర్వాత 2008లో జపాన్‌లో 'కూసూ' పేరుతో ఆన్‌లైన్లో డిజైన్లు పంపమన్నారు. 2011లో ప్రపంచమంతటికీ తెరిచారు. 2014లో అదే 'లెగో ఐడియాస్' అయింది. 10,000 ఓట్లొస్తే కంపెనీ పరిశీలిస్తుంది. సెట్టుగా అమ్మితే నికర అమ్మకాల్లో 1 శాతం డిజైనర్‌కి. 2014లో వచ్చిన మహిళా శాస్త్రవేత్తల సెట్టు అలా ఎలెన్ కోయిమన్ అనే శాస్త్రవేత్త పంపిన ఆలోచనే.

కిటుకు చూశారా? ఓట్ల కోసం ఊరంతా చాటింపు వేసేది అభిమానే. బొమ్మ తయారవకముందే గిరాకీ ఎంతో కంపెనీకి తెలిసిపోతుంది. ఓట్లొచ్చినా ఎంపిక కాని డిజైన్లు బోలెడు.

రాత్రిళ్ళు ఓపెన్ సోర్సుకి ఊరికే కోడ్ రాసే మనం దీన్ని దోపిడీ అనలేం. కాకపోతే అక్కడ రాసింది అందరిదీ అవుతుంది, ఇక్కడ ఎంపికైంది కంపెనీదవుతుంది. ఆ తేడా తెలిసి ఆడుకుంటే తప్పులేదు. ఏమంటారు?