ఎనిమిది కిలోమీటర్ల గీత: ఆంధ్ర తీరంలో సముద్ర వేట చట్టాల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఆంధ్ర తీరంలో చేపల వేటను కేంద్ర, రాష్ట్ర చట్టాలు కలిసి నియంత్రిస్తున్నాయి. ఈ ఏర్పాటు రూపొందిన క్రమాన్ని, అది సంప్రదాయ మత్స్యకారుల జీవనంపై చూపిన ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రాదేశిక జలాలు, ప్రత్యేక ఆర్థిక మండలి, వేట నిషేధం, రింగు వల, సంప్రదాయ మత్స్యకారులు.

ఉపోద్ఘాతం

నస్పూర్ పరిసరాల్లో గోదావరిపై వల వేసే మత్స్యకారుడికి వేట నియమాలు ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వం నుండే వస్తాయి. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 21వ అంశం మత్స్యరంగాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. అదే గోదావరి పాయ అంతర్వేది వద్ద సముద్రంలో కలిశాక పరిస్థితి మారుతుంది. ప్రాదేశిక జలాలకు ఆవల జరిగే వేట కేంద్ర జాబితా 57వ అంశం కిందికి వస్తుంది. ఈ విభజన 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం నుండి సంక్రమించినది. చేపల గుంపు ఈ హద్దును పాటించదు. దాని వెంట వెళ్లే పడవ మాత్రం పాటించవలసి ఉంటుంది.

హద్దుల విస్తరణ

వలస పాలనలో వచ్చిన 1897 నాటి భారత మత్స్య చట్టం పేలుడు పదార్థాలతో, విషంతో చేపలను చంపడాన్ని నిషేధించింది. తీరం నుండి ఒక మెరైన్ లీగ్, అంటే 3 నాటికల్ మైళ్ల సముద్రానికీ ఈ నిషేధం వర్తించింది. స్వాతంత్ర్యానంతరం ప్రాదేశిక జలాల పరిధిని 1956లో 6 నాటికల్ మైళ్లుగా, 1967లో 12 నాటికల్ మైళ్లుగా ప్రకటించారు. 12 నాటికల్ మైళ్లు సుమారు 22 కిలోమీటర్లతో సమానం. 1976 నాటి సముద్ర మండలాల చట్టం 200 నాటికల్ మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలిని ఏర్పరచింది.

ఈ గీతలన్నీ సముద్రం ఏ దేశానిదన్న ప్రశ్నకు సమాధానాలు. ఆ సముద్రంలో ఎవరు ముందు వల వేయాలన్న ప్రశ్న వీటి పరిధిలోకి రాలేదు.

రాష్ట్ర చట్టం

రొయ్యల ఎగుమతి పెరిగి, మరపడవలు తీరానికి దగ్గరగా ట్రాల్ వలలు లాగడం మొదలైన తరువాత తెప్పలపై, నావలపై ఆధారపడినవారికి నష్టం కలిగింది. ఘర్షణల నేపథ్యంలో కేంద్రం 1976లో మజుందార్ కమిటీని నియమించింది. ప్రాదేశిక జలాలు రాష్ట్రాల పరిధిలో ఉన్నందున కేంద్రం నమూనా బిల్లును మాత్రమే పంపగలిగింది. కేరళ, గోవా 1980లోనే చట్టాలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దాని కింద తీరం నుండి 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ పడవలకు కేటాయించబడింది. సంప్రదాయ మత్స్యకారుల రక్షణకై ఇటువంటి ఆంక్షలు విధించే అధికారం రాష్ట్రానికి ఉందని కేరళకు సంబంధించిన జోసెఫ్ ఆంటోనీ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించింది.

రెండు అధికారాల కలయిక

లోతు సముద్రానికి వెళ్లే పడవ కూడా రాష్ట్రంలోని రేవు నుండే బయలుదేరి, రాష్ట్ర జలాలను దాటి వెళ్లి, అదే దారిన తిరిగి రావాలి. కాబట్టి ఒకే ప్రయాణం రెండు అధికారాల కిందికి వస్తుంది. ఇవి ఏకమైనప్పుడు ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట నిషేధానికి రాష్ట్రం తన జలాల్లో, కేంద్రం ఆర్థిక మండలిలో వేర్వేరుగా ఉత్తర్వులిస్తాయి. ఒకే కాలానికి రెండూ అమలైనందువల్లనే ఆ నిషేధానికి అర్థముంది.

ఏకం కానప్పుడు వివాదం న్యాయస్థానానికి చేరుతుంది. తమిళనాడు తన జలాల్లో పర్సు వలలను నిషేధించగా, 12 నాటికల్ మైళ్లకు ఆవల వారానికి రెండు రోజులు షరతులతో వాటిని వాడుకోవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. విశాఖ తీరంలో రింగు వలల వివాదం 2022 జనవరిలో పడవలు తగలబెట్టేంత వరకు వెళ్లింది. అక్కడ ఇరుపక్షాలూ మత్స్యకారులే. ఆ వలలు 8 కిలోమీటర్ల గీతకు ఏ వైపున పడుతున్నాయన్నదే వివాదంలో కీలకాంశం. సముద్రంపై గీత కనిపించదు. దూరాన్ని కొలిచి, తప్పును నిర్ధారించే యంత్రాంగం దగ్గర లేనప్పుడు తీర్పు బలాబలాలకు వదిలినట్టవుతుంది.

వలస జాలరులు

శ్రీకాకుళం తీరం నుండి గుజరాత్‌లోని వెరావల్‌కు పడవ పనికి వెళ్లేవారికి మూడవ చట్టం, అంటే పొరుగు దేశపు చట్టం కూడా ఎదురవుతుంది. 2018 నవంబరులో పాకిస్తాన్ నిర్బంధించిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక 73వ అధికరణం ప్రకారం, ఆర్థిక మండలిలో వేట నియమాల ఉల్లంఘనకు, సంబంధిత దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిదే, కారాగార శిక్ష విధించరాదు. అయితే సర్ క్రీక్ వివాదం తేలక ఆ ప్రాంతంలో సముద్ర సరిహద్దు ఖరారు కాలేదు. ఎవరి జలాలన్నది తేలని చోట ఆ రక్షణ కూలి జాలరికి అందడం కష్టం.

ముగింపు

ఆర్థిక మండలిలో విదేశీ నౌకల వేటకు 1981లోనే చట్టం వచ్చినా, భారతీయ పడవల వేటకు సమగ్ర చట్టం రాలేదు. 2021లో సిద్ధమైన బిల్లు చట్టం కాలేదు. 2025 నవంబరులో కేంద్రం నియమావళి ప్రకటించి మరపడవలకు ప్రవేశానుమతిని తప్పనిసరి చేసింది. సంప్రదాయ పడవలకు మినహాయింపునిచ్చింది, సహకార సంఘాలకు ప్రాధాన్యమిచ్చింది. ఈ ఏర్పాటు లోతు సముద్రంలోని లోటును కొంత పూరిస్తుంది.

3, 6, 12, 200 మైళ్ల గీతలు రాజ్యాధికారాన్ని విస్తరించాయి. 8 కిలోమీటర్ల గీత ఒక్కటే చిన్న పడవవాని జీవనాన్ని లెక్కలోకి తీసుకొని గీసినది. గస్తీ, కొలత, సత్వర పరిష్కారం లేకపోతే అది కాగితంపైనే మిగిలిపోతుంది. లోతు సముద్రానికి ఎన్ని కొత్త నియమాలు వచ్చినా, వాటి విలువను ఈ గీత ఎంత నిలిచిందన్నదానిని బట్టే తీరగ్రామాలు నిర్ణయిస్తాయి.