చిల్లుకుండలు

అరకులో వానాకాలం కరెంటు పోవడం వింతేమీ కాదు. వింతల్లా నేను అది పోదని నమ్మి కూర్చోవడమే.

నవలలో పన్నెండో ప్రకరణం రాస్తున్నాను. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో ముసలిదైపోయింది, ప్లగ్గు ఊడితే ప్రాణం పోయినట్టే. బయట ఒకటే గాలి. కథానాయిక పెళ్ళయిన పదేళ్ళకి మొట్టమొదటిసారి అత్తగారికి ఎదురు సమాధానం చెప్పింది. ఆ సమాధానం నాకే ముచ్చటేసి మళ్ళీ చదువుకుంటున్నాను. టప్పున చీకటి! దీపం వచ్చాక చూద్దును గదా, పదకొండో ప్రకరణం ఉంది, పన్నెండోది లేదు. మధ్యమధ్య దానంతటదే దాచుకునే ఏర్పాటు ఉంటుందట. నా దాంట్లో అది ఆపేసి ఉంది. ఎవరు ఆపారని అడక్కండి.

"పోనీలే అత్తా, నువ్వు రాసిందేగా, మళ్ళీ రాయొచ్చు" అన్నాడు నా మేనల్లుడు. వాడు ఇంజనీరు. పొంగిపోయిన పాలు మళ్ళీ కాచుకోవచ్చులే అన్నంత తేలిగ్గా అన్నాడు. కోపంతో, "అసలు రాసింది ఎక్కడికి పోయిందిరా? పదకొండోది ఎలా ఉంది మరి?" అని నిలదీశాను. ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో వాడు చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెబుతున్నాను.

మనం రాస్తున్నంతసేపూ అక్షరాలు ఉండేది ర్యామ్ అనే చోట. అక్కడ కోట్లకొద్దీ బుల్లి కుండలున్నాయనుకోండి. 'ఒకటి' అయితే కుండలో కాస్త విద్యుత్తు నింపుతుంది, 'సున్న' అయితే ఖాళీగా ఉంచుతుంది. తమాషా ఏమిటంటే ప్రతి కుండకీ చిల్లే! నింపింది నింపినట్టు కారిపోతూనే ఉంటుంది. అందుకని 64 మిల్లీ సెకన్లు దాటకుండా, అంటే సెకనుకి సుమారు పదిహేనుసార్లు, ప్రతి కుండనీ చూసి మళ్ళీ నింపుతూ ఉంటుంది. నింపే చెయ్యి ఆగిందా, అంతే సంగతులు. మా కథానాయిక ధైర్యం అలా కారిపోయిందన్నమాట.

ఈ చిల్లుకుండలు పుట్టింది 1966లో. ఐబీఎంలో పనిచేసే రాబర్ట్ డెన్నార్డ్ అనే ఆయనకి ఓ సాయంత్రం ఇంట్లో సోఫాలో కూర్చుని ఉండగా ఈ ఆలోచన తట్టిందట. 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ కంపెనీ 1103 అనే చిప్‌ని అమ్మకానికి పెట్టింది. అందులో పట్టేది 1024 ఒకట్లూ సున్నలూను. నా నవలలో ఒక్క పేరా కూడా పట్టదు.

మరి అంతకుముందు? అంతకుముందున్న జ్ఞాపకం కరెంటు పోయినా చెరిగేది కాదు! నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఆవగింజంత ఇనుప ఖనిజపు ఉంగరాలు. వాటిలోంచి సన్నటి రాగి తీగలు దూర్చి, జల్లెడలా అల్లేవారు. ఒక్కో ఉంగరం అయస్కాంతమై ఇటు తిరిగితే ఒకటి, అటు తిరిగితే సున్న. ఎటు తిరిగింది అటే ఉండిపోతుంది, దీపం ఉన్నా లేకపోయినా. బొంబాయిలోని టాటా పరిశోధనా సంస్థ మన దేశంలోనే తయారుచేసి 1960లో నడిపించిన టిఫ్రాక్ కంప్యూటరు జ్ఞాపకం ఈ ఉంగరాలదే. 2048 పదాలు పట్టేది.

ఆ ఉంగరాలు గుచ్చిందెవరంటారా? ఎక్కువగా ఆడవాళ్ళే. భూతద్దం కింద పెట్టుకుని సూదితో గుచ్చేవారు. అమెరికావాళ్ళు చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకలో, దారిచూపే కంప్యూటరు ఆజ్ఞలన్నీ ఇలాగే తీగలతో అల్లినవి. మసాచుసెట్స్‌లో ఓ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు అల్లారు. తీగ ఉంగరంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్న. ఇంజనీర్లు దానికి 'ముసలమ్మల మెమరీ' అని ముద్దుపేరు పెట్టారట. ముద్దో, ఎగతాళో! పిడుగు పడ్డా చెదరని ఆ అల్లికని కాదనుకుని చిల్లుకుండలని తెచ్చుకున్నాం. చవక, వేగం, చోటు కలిసొస్తుంది. ఇత్తడి బిందెలమ్మి ప్లాస్టిక్ బకెట్లు కొన్న మనకి ఆ బేరం తెలీనిదా?

ఇక పదకొండో ప్రకరణం ఉన్నచోటు వేరు. అది ఫ్లాష్ జాతి. 1967లో బెల్ ప్రయోగశాలలో కాంగ్, జీ అనే ఇద్దరు దారి చూపిస్తే, 1984లో జపాన్ కంపెనీ తోషిబా ఇంజనీరు ఫుజియో మసువొకా లోకానికి చూపించాడు. ఎలక్ట్రానులని నాలుగువైపులా గోడలున్న గదిలో పెట్టి బిగించేయడం. కరెంటు లేకపోయినా గదిలోనే ఉంటాయి. "అయితే శాశ్వతమేగా?" అన్నాను. మావాడు తల అడ్డంగా ఊపాడు. గోడలు పల్చన, ఏళ్ళమీద ఒకటీ అరా జారుకుంటాయట. ఎండకి తొందరగా, వాడివాడి అరిగినదైతే మరీ తొందరగా. పూర్తిగా అరిగిపోయిన డ్రైవు కూడా 30 డిగ్రీల వేడిలో, కరెంటు పెట్టకుండా, ఏడాదిపాటు దాచినది దాచినట్టు ఉంచాలన్నది ఆ పరిశ్రమవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. ఏడాదే!

అప్పుడు పడింది నా గుండెల్లో రాయి.

2017లో ఇదే అరకు పక్కన ఓ కొండ ఊళ్ళో పోర్జా అవ్వ ఒకావిడ పాడిన పాటలు రికార్డు చేసుకున్నాను. పధ్నాలుగు. రాయడానికి పనికొస్తాయని. ఆ లాప్‌టాప్ తెర పగిలితే విశాఖలో మా ఇంటి బీరువాలో పడేశాను. ఏడు వేసవులు గడిచాయి. అవ్వ పోయింది. మొన్న సంతలో ఆవిడ మనవరాలు కనిపించి, "మేడమ్, మా అవ్వ గొంతు మీ దగ్గరుంది కదా, ఒక్కసారి వినిపిస్తారా?" అంది. "ఉంది, ఎక్కడికి పోతుంది!" అనేశాను.

ఈ కొండల్లో పాటలకి కాగితం లేదు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో సవరలని ఇంట్లో పెట్టుకుని మరీ భాష నేర్చుకుని, అడవుల్లో జ్వరాలకి వాడిన మందుతో చెవులు పోగొట్టుకుని, 1931లో సవర వ్యాకరణం అచ్చువేయించారు. ఆ కాగితానికి ఏ కరెంటూ అక్కర్లేదు. నేను చేసిందేమిటి? పాటలన్నీ ఎలక్ట్రానుల గదిలో పెట్టి, తలుపు వేసి, ఉక్కపోతలో మర్చిపోయాను. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు ఈ కొండల్లోనే పుట్టింది. చుట్టుపక్కల ఎన్నో గూడేలకి దీపం రావడానికి మరిన్ని దశాబ్దాలు పట్టింది. దీపం లేని ఆ రోజులన్నిట్లోనూ అవ్వ పాటలు మాత్రం ఉన్నాయి. నాట్లలో ఒకసారి, పెళ్ళిలో ఒకసారి, థింసాలో ఒకసారి, ఎవరో ఒకరు పాడుతూనే ఉన్నారు.

మర్నాడే విశాఖకి పరిగెత్తాం. మావాడు పాత లాప్‌టాప్‌లోంచి డ్రైవు ఊడదీసి, తీగతో నా కొత్తదానికి తగిలించాడు. ఆ రెండు నిమిషాలూ నేను దేవుడి గదిలోనే ఉన్నాను. పన్నెండు పాటలు శుభ్రంగా వచ్చాయి. ఒకటి తెరుచుకోనే లేదు. ఇంకోటి, నాట్ల పాట, సగం పాడి గొంతు తెగిపోయింది.

తిరిగి అరకు వెళ్ళి, మనవరాలిని కూర్చోబెట్టి వినిపించాను. కళ్ళు తుడుచుకుంటూ పన్నెండూ వింది. నాట్ల పాట తెగిన చోట పెదవులు కదిలాయి. ఒక చరణం తనే పాడింది. తర్వాత ఆగిపోయి, "ఆపైన నాకు రాదు మేడమ్. మా పెద్దమ్మకి వచ్చు. వచ్చే సంతకి పసుపు అమ్మడానికి దిగుతుంది" అంది.

ఈసారి నోటు పుస్తకం కూడా పట్టుకెళుతున్నాను.